హామెలిన్ కథలోకి ఎలుకలు ఎప్పుడొచ్చాయి?

కథ చాలామందికి తెలిసిందే. ఊరినిండా ఎలుకలు. రంగురంగుల అంగీ తొడుక్కున్న పిల్లనగ్రోవివాడు ఒకడొచ్చి, డబ్బిస్తే వదిలిస్తానంటాడు. ఊరిపెద్దలు సరేనంటారు. అతను ఊదుకుంటూ నడుస్తుంటే ఎలుకలన్నీ వెంటబడి నదిలో మునిగి చస్తాయి. పని అయ్యాక పెద్దలు మాట తప్పుతారు. అతను మళ్లీ ఊదుతాడు. ఈసారి వెంట వెళ్లేది పిల్లలు. కొండ తెరుచుకుని, అందర్నీ మింగి, మూసుకుంటుంది.

ఇందులోంచి ఎలుకల్ని తీసేయండి. బేరాన్నీ, ఎగ్గొట్టిన కూలినీ, పగనూ కూడా తీసేయండి. అప్పుడు మిగిలేది ఒక ఊరు, ఒక తేదీ, ఒక అంకె, పిల్లనగ్రోవి ఊదిన ఒక మనిషి. వినడానికి కథలా ఉండదు, తప్పిపోయినవాళ్ల మీద రాయించిన ఫిర్యాదులా ఉంటుంది. పాత ఆధారాల్లో ఉన్నది మాత్రం సరిగ్గా అంతే. మనం కథ అనుకునేదంతా ఆ ఫిర్యాదు మీద రెండు మూడు వందల ఏళ్ల తర్వాత వేసిన పూత. అసలేం జరిగిందో వెతకాలంటే పూతను పొరలుపొరలుగా గీకుతూ పోవాలి. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటాం కదా, ఇక్కడ పని తిరగబడింది. ఎలుకను పక్కన పెడితేగానీ కొండ కనబడదు.

హామెలిన్ నిజమైన ఊరే. జర్మన్లు హామెల్న్ అంటారు. ఉత్తర జర్మనీలోని లోయర్ సాక్సనీలో, హానోవర్‌కు నైరుతి దిక్కున సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, వేజర్ నదికి తూర్పు ఒడ్డున ఉంది. ఈ దిక్కు గుర్తుంచుకోవాలి, ముందు ముందు పనికొస్తుంది. నది ఊరికి పడమర, కొండలు తూర్పున. కథలో ఎలుకలు పడమటికి పోయాయి, పిల్లలు తూర్పుకు పోయారు.

కథ పేరులోనే ఒక చిక్కుంది. ఇంగ్లిషువాళ్లు దాన్ని అతుకుల రంగుబట్టలు తొడుక్కున్న ఊదుడువాడి కథ అన్నారు. జర్మన్లు ‘రాటెన్‌ఫేంగర్’ కథ అంటారు, అంటే ఎలుకలు పట్టేవాడి కథ. ఒకరు బట్టల్ని పట్టుకున్నారు, ఇంకొకరు వృత్తిని. పాతది బట్టలే. సొంత ఊరివాళ్లు వాడే పేరు కొత్తదీ, పరాయి భాష పేరు పాతదీ కావడం విచిత్రం.

రాళ్ల మీద రాసింది

హామెల్న్‌లో 1556లో ఒక కొత్త కోటద్వారం కట్టారు. ద్వారం పోయింది, దాని మీది రాయి మిగిలింది. దాని మీద లాటిన్‌లో ఒక పద్యముంది. భావం ఇది: మాంత్రికుడు నూట మూడు పదుల మంది పిల్లల్ని ఊరి నుంచి తీసుకుపోయిన 272 ఏళ్లకు ఈ ద్వారం కట్టడమైంది. 1556లోంచి 272 తీసేస్తే 1284. ఊళ్లో ఒక ముఖ్యమైన కట్టడం వయసు చెప్పడానికి రాజు పట్టాభిషేకాన్నో, యుద్ధాన్నో కాక ఈ సంఘటనను కొలతగా తీసుకున్నారు. అంటే 1556 నాటి ఊరివాళ్లకు ఇది కాలక్షేపం కథ కాదు, లెక్క తెలిసిన తేదీ.

‘నూట ముప్ఫై’ అనకుండా ‘నూరు, మూడు పదులు’ అని విరగ్గొట్టింది ఛందస్సు కోసం. ఆ రాతలో వేణువు లేదు, ఊదేవాడు లేడు. ‘మాగుస్’ అనే మాట ఉంది, మాంత్రికుడని అర్థం. ఎలుకలు అసలే లేవు.

రెండో రాత ఒక ఇంటి గోడ మీద ఉంది. ఊరి తూర్పు ద్వారం వైపు పోయే ఓస్టర్ వీధిలో 1602-03లో కట్టిన పెద్ద రాతి ఇల్లది. పక్కనున్న సన్నటి సందు పేరు బుంగెలోజెన్ వీధి, అంటే తప్పెట మోగని వీధి. పిల్లలు ఆ దారినే పోయారని, అందుకే అక్కడ వాయిద్యాలు మోగించరని ఊరి ఆచారం. ఆ ఇంటి గోడ మీద పాత ఉత్తర జర్మన్ మాండలికంలో చెక్కినదాని సారాంశం: 1284వ సంవత్సరం, యోహాను పౌలుల పండుగనాడు, జూన్ 26న, అన్ని రంగుల బట్టలు తొడుక్కున్న ఒక ఊదుడువాడు హామెల్న్‌లో పుట్టిన 130 మంది పిల్లల్ని ఆకట్టుకుపోయాడు, వాళ్లు కోపెన్ అనే కొండ దగ్గర కల్వరిలో కనబడకుండా పోయారు.

ఇది 1602 నాటిది. అప్పటికి ఎలుకల కథ పుస్తకాల్లోకి ఎక్కి దాదాపు నలభై ఏళ్లయింది. అయినా గోడ మీద రాయించినవాళ్లు ఎలుక ఊసెత్తలేదు. ఇప్పుడు ఆ ఇంటినే పర్యాటకులకు ‘ఎలుకలు పట్టేవాడి ఇల్లు’ అని చూపిస్తారు! బోర్డు మీద ఎలుకలు, గోడ మీద పిల్లలు.

‘యోహాను పౌలుల పండుగ’ అన్నది బైబిల్లోని అపొస్తలులైన యోహాను, పౌలుల గురించి కాదు, అదే పేర్లున్న ఇద్దరు రోమన్ అమరవీరుల గురించి. మధ్యయుగాల రాతకోతల్లో నెల, తేదీ కన్నా పండుగ పేరు చెప్పడమే ఎక్కువ వాడుక. అప్పటి జూలియన్ లెక్క ప్రకారం ఆ రోజు సోమవారం. దానికి రెండు రోజుల ముందు, జూన్ 24న, ఐరోపా అంతటా మంటలు వేసి ఆడిపాడే నడివేసవి పండుగ.

అంతకన్నా పాత కాగితం

ఈ రాళ్లు సంఘటన జరిగిన చాలాకాలానికి చెక్కినవి. వాటికన్నా వంద ఏళ్ల ముందుది ల్యూనెబుర్గ్ అనే మరో జర్మన్ ఊళ్లో దొరికిన రాతప్రతి. 1440-50 మధ్య ఎవరో ఒక మతగ్రంథం ప్రతి చివర లాటిన్‌లో ఒక పేరా చేర్చారు. మొత్తం వ్యవహారంలో ఇంత వివరంగా, ఇంత తొందరగా రాసిపెట్టిన కాగితం మరొకటి లేదు.

అందులో ఉన్నదిది. ముప్ఫై ఏళ్ల యువకుడు, అందగాడు, చూసినవాళ్లంతా మెచ్చుకునేంత మంచి బట్టలు కట్టుకున్నవాడు, వంతెన దాటి వేజర్ ద్వారం గుండా ఊళ్లోకి వచ్చాడు. వెండి పిల్లనగ్రోవి ఊదడం మొదలుపెట్టాడు. విన్న పిల్లలు, మొత్తం 130 మంది, అతని వెంట తూర్పు ద్వారం దాటి, మరణశిక్షలు అమలుచేసే చోటు దాకా వెళ్లారు. అక్కడ కనబడకుండా పోయారు. తల్లులు ఊరూరూ పరుగెత్తి వెతికారు, ఎవరూ దొరకలేదు. లూడె అనే చర్చి అధికారి తల్లి పిల్లలు వెళ్తుండగా కళ్లారా చూసింది.

ఇక్కడ పిల్లనగ్రోవివాడికి కోపం లేదు. అతన్ని ఎవరూ మోసం చేయలేదు. వచ్చాడు, ఊదాడు, తీసుకుపోయాడు, అంతే. ఎందుకు తీసుకుపోయాడో రాసినవాడికి తెలియదు, తెలిసినట్టు నటించనూ లేదు. ఆ రాతను నమ్మాలనిపించేది అందుకే. కల్పించేవాడైతే ముందు కారణాన్ని కల్పిస్తాడు.

లూడె తల్లి ప్రస్తావన కూడా కొట్టిపారేయదగ్గది కాదు. 1284లో ఆమెకు ఆరేడేళ్లనుకుంటే, కొడుకు పద్నాలుగో శతాబ్దం మధ్యలో పెద్ద పదవిలో ఉండి ఉంటాడు. అతని నోట విన్నవాళ్లు ఆ శతాబ్దం చివరిదాకా ఉంటారు. రెండు మూడు నోళ్లు మారి కాగితానికెక్కిన జ్ఞాపకమది. కొంచెం చెదిరి ఉండొచ్చు. పూర్తిగా పుట్టించినదైతే ఫలానావాళ్ల తల్లి అని చెప్పాల్సిన పనేముంది?

దీనికన్నా పాతది మార్కెట్ చర్చిలో సుమారు 1300 నాటి రంగు అద్దాల కిటికీ. 1660లో అది పోయింది. ఆ కిటికీని చూసి వేసినదిగా చెప్పే 1592 నాటి నీటిరంగుల బొమ్మ ఒకటి ఉంది. ఇప్పుడు ఎక్కడ చూసినా ‘అత్యంత పురాతన చిత్రం’ అని వేసేది దాన్నే. అయితే 1592 నాటికి ఎలుకలు కథలో చేరిపోయాయి, వేసినవాడికీ ఆ కథ తెలిసే ఉంటుంది. కిటికీ మీద ఉన్నదెంత, తలలో ఉన్నదెంత అని విడదీయడం కష్టం. 1300 నాటి సాక్ష్యంగా ఆ బొమ్మను చూపిస్తే పప్పులో కాలేసినట్టే.

ఎలుకలు చేరిన ఏడు

ఎలుకలు మొట్టమొదట కనబడేది జిమ్మెర్న్ వంశ చరిత్రలో. దక్షిణ జర్మనీకి చెందిన ఒక ప్రభువు 1559-65 మధ్య రాయించుకున్న పుస్తకమది. హామెల్న్‌కు దూరంగా, సంఘటన జరిగిన 280 ఏళ్ల తర్వాత. 1556 నాటి రాయికీ ఈ పుస్తకానికీ తేడా పదేళ్లు కూడా లేదు. ఊళ్లో రాయి మీద లేని ఎలుకలు దూరదేశపు పుస్తకంలో ఉన్నాయి. ఎలుకలు ఊళ్లో పుట్టలేదు, బయటి నుంచి వచ్చాయి. ఆ తర్వాత కథను వదల్లేదు.

బయటివాళ్లకు ఎలుకలు ఎందుకు కావాల్సి వచ్చాయి? ఒక కారణం కథ చెప్పే అవసరమే. కారణం లేకుండా 130 మంది పిల్లలు పోవడాన్ని ఎవరూ మింగలేరు. పాపం, దానికి శిక్ష అనే చట్రంలో పెడితే మింగుడుపడుతుంది. పిల్లలకు జరిగిన నష్టానికి పెద్దల తప్పొకటి వెతకాలి. కూలి ఎగ్గొట్టడం అన్ని దేశాలవాళ్లకూ అర్థమయ్యే తప్పు.

రెండో కారణం హామెల్న్ బతుకుతెరువు. పాత కాగితాల్లో ఈ ఊరి పేరు క్వెర్న్‌హామెల్న్, తిరగలి రాళ్ల హామెల్న్. ఊరి చిహ్నంలో తిరగలి రాయే ఉంటుంది. వేజర్ మీద మరలు, గింజల గాదెలు, పడవ వ్యాపారం. 1426లో ఉత్తర ఐరోపా వర్తక నగరాల కూటమి హాన్సాలో చేరింది. గింజలున్న ఊళ్లో ఎలుకల కథ అతికించడం తేలిక. పెద్ద ఎలుక రోజుకు 15 నుంచి 20 గ్రాముల గింజ తింటుంది. వెయ్యి ఎలుకలుంటే రోజుకు 15-20 కిలోలు, ఏడాదికి ఐదున్నర నుంచి ఏడు టన్నులు. తిన్నదానికన్నా మూత్రం, పెంటికలతో పాడుచేసేది ఎక్కువ.

ఎలుకలు పట్టడం ఆ రోజుల్లో నిజంగానే ఒక వృత్తి. ఊరూరూ తిరిగేవాళ్లు. బోనులు, వేటకుక్కలు, కన్నాల్లోకి దూరే, ముంగిస లాంటి ఫెర్రెట్లు, పిండిలో కలిపిన తెల్ల పాషాణం వాళ్ల సరంజామా. ఈ పనిలో డబ్బు దగ్గర తగాదా రావడం కథకుడి ఊహ కానక్కర్లేదు, పనిలోనే ఉంది. ఆడ ఎలుక మూడు వారాలకు ఈనుతుంది. ఈతకు ఆరేడు పిల్లలు. ఆ పిల్లలు మూడు నెలలకల్లా ఈతకొస్తాయి. పదింట తొమ్మిదిని చంపినా కొన్ని నెలల్లో గాదె మళ్లీ నిండుతుంది. పట్టినవాడు పని చేశానంటాడు, ఇచ్చేవాడు ఎలుకలు అలాగే ఉన్నాయిగా అంటాడు. చచ్చినవాటి తోకలు కోసి లెక్కపెట్టి డబ్బిచ్చే పద్ధతి చాలాచోట్ల వచ్చింది ఈ పేచీ తెగకే. నదిలో ముంచేస్తే తోకల లెక్క ఎక్కడిది? హామెలిన్ పిల్లనగ్రోవివాడు వృత్తిపరంగా చూస్తే చాలా చెడ్డ పద్ధతి ఎంచుకున్నాడు.

అసలు ఎలుకలు మునుగుతాయా అన్నది ఇంకో ప్రశ్న. ఇప్పటి బొమ్మల్లో కనబడే గోధుమరంగు ఎలుక ఐరోపాలో విస్తరించింది పద్దెనిమిదో శతాబ్దంలో. 1284లో అక్కడున్నది నల్ల ఎలుక, దూలాలూ అటకలూ ఎక్కే రకం. నీళ్లంటే దానికి ఇష్టం తక్కువే కానీ ఈత వచ్చు. గోధుమరంగుదైతే గంటల తరబడి ఈదగలదు. పైగా ఎలుకలకు కొత్తదంటే భయం. పాత చోట కొత్త వస్తువు పెడితే రోజుల తరబడి దగ్గరికి రావు. అందుకే తెలిసినవాళ్లు మందు లేని ఎరను కొన్నాళ్లు పెట్టి, అలవాటు పడ్డాకే మందు కలుపుతారు. పిల్లనగ్రోవి శబ్దం వాటికి వినబడుతుంది. కానీ వినని చప్పుడు వినబడితే ఎలుక కన్నంలోకి పోతుంది, వీధిలోకి రాదు.

ఇక ప్లేగు సంగతి. ఎలుకలు, పిల్లల చావు అనగానే ‘ఇది ప్లేగు కథే’ అనేవాళ్లు చాలామంది. తేదీలు కుదరవు. నల్లచావు ఐరోపాలో అడుగుపెట్టింది 1347లో, జర్మన్ ప్రాంతాలకు చేరింది 1349-50లో. హామెల్న్ పిల్లలు పోయి అప్పటికే అరవై ఏళ్లు దాటింది. ఇంకో తప్పు కూడా ఉంది. ప్లేగు సూక్ష్మజీవిని హాంకాంగ్‌లో యెర్సిన్ గుర్తించింది 1894లో, ఎలుకల మీది గోమార్ల ద్వారా అది వస్తుందని సిమోన్ చెప్పింది 1898లో. పదహారో శతాబ్దపు కథకుడికి ఎలుక అంటే గింజల దొంగ, రోగాలు మోసేది కాదు. మన తెలివిని అతని నోట్లో పెట్టకూడదు.

రంగుబట్టల మనిషి

ఎలుకల్ని తీసేసినా రంగుబట్టలు మిగులుతాయి. అవి ఎలుకలు పట్టేవాడి గుర్తు కాదు. ఊరూరూ తిరిగి వాయించుకు బతికేవాళ్ల వేషం. హామెల్న్ ఉన్న ప్రాంతపు సాక్సన్ ఆచార చట్టాన్ని 1220-35 మధ్య ఐకె ఫొన్ రెప్గో ‘జాక్సెన్‌ష్పీగెల్’ పేరుతో గ్రంథంగా కూర్చాడు. ఎవరిని కొడితే ఎంత పరిహారం అని అందులో కులాసాగా వరసపెట్టి ఉంటుంది. వాయిద్యగాళ్ల దగ్గరికి వచ్చేసరికి, వాళ్లకు పరిహారంగా దక్కేది ఒక మనిషి నీడ అని రాశాడు. అంటే, తనను కొట్టినవాడి నీడను తిరిగి కొట్టుకోవచ్చు. అంతకుమించి చట్టం అతనికేమీ ఇవ్వదు.

ఎలుకల కథ ఎంత తర్వాత చేరినా ఈ ఒక్క చోట మాత్రం అచ్చంగా అతికింది. కూలి ఎగ్గొడితే వ్యాపారి కోర్టుకెక్కుతాడు. నీడ తప్ప పరిహారం లేనివాడు ఎక్కడికెక్కుతాడు?

ఇంకో పనికీ వాయిద్యగాణ్ణి వాడేవాళ్లు. జనాన్ని పోగెయ్యడానికి. సంతలో దండోరా వేయాలన్నా, సైన్యానికి మనుషుల్ని చేర్చాలన్నా, దూరదేశానికి రైతుల్ని పిలవాలన్నా ముందు చప్పుడు చేసేవాడు కావాలి. పరిశోధకుల అనుమానం ఎక్కువగా ఇటే మొగ్గింది.

ఎటు పోయారు?

తేలికగా తోసేయదగ్గవి ముందు. 1212 నాటి పిల్లల శిలువయాత్ర: 72 ఏళ్ల తేడా, కుదరదు. కొండచరియ విరిగిపడింది, గుంటలో కూరుకుపోయారు అంటే శవాల ప్రస్తావన ఎక్కడా లేదు. 1260 ప్రాంతంలో మిన్డెన్ బిషప్ సైన్యంతో జరిగిన జెడెముండర్ పోరాటంలో హామెల్న్ యువకులు చాలామంది పోయారన్నది నిజం. ఊరిని అమ్మేస్తే ఒప్పుకోక తిరగబడ్డారు. కానీ యుద్ధంలో చచ్చిన కొడుకుల్ని ఏ ఊరూ పిల్లనగ్రోవి వెంట పోయారని చెప్పుకోదు, పైగా పాతికేళ్ల తేడా.

నాట్యపు పిచ్చి అన్నది కొంచెం గట్టి వాదన. 1237లో ఎర్‌ఫుర్ట్ నుంచి ఆర్న్‌ష్టాట్ దాకా, సుమారు 20 కిలోమీటర్లు, పిల్లలు గంతులేస్తూ ఆడుకుంటూ వెళ్లారని పాత చరిత్రలు చెబుతున్నాయి. నడివేసవి పండుగ దాటి రెండు రోజులే కావడం కూడా దీనికి కలిసొస్తుంది. కానీ ఎర్‌ఫుర్ట్ పిల్లల్ని తల్లిదండ్రులు వెళ్లి వెనక్కి తెచ్చుకున్నారు. హామెల్న్ సమస్య పిల్లలు ఎగరడం కాదు, తిరిగి రాకపోవడం.

మిగిలింది తూర్పు వలస. పన్నెండు, పదమూడు శతాబ్దాల్లో జర్మన్ మాట్లాడే రైతులు, చేతిపనివాళ్లు ఎల్బ నది దాటి స్లావ్ భాషలు మాట్లాడే జనం పలచగా ఉన్న ప్రాంతాలకు వేల సంఖ్యలో వెళ్లారు. ఈ తరలింపు ఎలా నడిచిందో కాగితాలున్నాయి. భూమి ఉన్న ప్రభువు లేదా బిషప్ ‘లోకాటర్’ అనే మధ్యవర్తితో ఒప్పందం చేసుకునేవాడు. లోకాటర్ పడమటి ఊళ్లు తిరిగి మనుషుల్ని పోగేసి, దారి చూపి, భూమి కొలిచి పంచేవాడు. ఒక్కో కుటుంబానికి ఒకటో రెండో ‘హూఫె’లు. ఒక హూఫె అంటే ఒక కుటుంబం బతకడానికి సరిపడే సాగుభూమి. చోటును బట్టి 16 నుంచి 24 హెక్టార్లు, మన లెక్కలో 40 నుంచి 60 ఎకరాలు. అడవి కొట్టి సాగుచేయాల్సి వస్తే కొన్నేళ్లు పన్ను మాఫీ. లోకాటర్‌కు దక్కేది పన్ను లేని అదనపు హూఫెలు, కొత్త ఊరి పెద్దరికం వంశపారంపర్యంగా, ఊరి కోర్టు జరిమానాల్లో సాధారణంగా మూడో వంతు. ఇంత లాభం ఉన్నవాడు మంచి బట్టలు కట్టుకుని రావడంలో, వెండి పిల్లనగ్రోవి తెచ్చుకోవడంలో వింతేముంది?

వెళ్లేది ఎవరు? పొలం పెద్దకొడుక్కే పోతే చేతికేమీ మిగలని చిన్నకొడుకులు, పెళ్లికి కట్నం లేని ఆడపిల్లలు, పనివాళ్లు. ఇరవై ఏళ్ల చుట్టూ ఉన్నవాళ్లు. గోడ మీది ‘కిండర్’ అనే మాటకు పిల్లలనే కాక సంతానం అనే అర్థమూ ఉంది. మన ‘బిడ్డ’ లాగే. ‘హామెల్న్‌లో పుట్టిన’ అని ప్రత్యేకంగా చెప్పడం కూడా ఈ అర్థానికే దగ్గర. ల్యూనెబుర్గ్ కాగితంలోని లాటిన్ మాట ‘పుయెర్’ బాలుడికీ, కుర్ర పనివాడికీ చెల్లుతుంది. 1556 రాయి దగ్గరికొచ్చేసరికి అది ‘పుయెల్లుస్’ అయింది, అంటే చిన్నారి బాలుడు. మాట మారిన కొద్దీ పోయినవాళ్ల వయసు తగ్గుతూ వచ్చింది.

130 అన్న అంకె కూడా ఈ లెక్కకు సరిపోతుంది. అందరూ జంటలనుకుంటే 65 కుటుంబాలు. ఇరవై పాతిక కుటుంబాలకొక ఊరు చొప్పున మూడు కొత్త ఊళ్లకు సరిపడే జనం.

ఎక్కడికి అన్నదాని మీద పోటీ ఉంది. ఇప్పటి చెక్ దేశంలోని ఓలొమౌట్స్ బిషప్ బ్రూనో హామెల్న్ పక్కనున్న షౌంబుర్గ్ ప్రభువుల వంశస్థుడు, తన భూములకు సొంత ప్రాంతం నుంచి రైతుల్ని రప్పించుకున్నవాడు. కొన్నాళ్లు అతని పేరు గట్టిగా వినబడింది. కానీ అతను 1281లోనే చనిపోయాడు. రొమేనియాలోని ట్రాన్సిల్వేనియా అని ఇంకో మాట. ఈ కథ మీద బ్రౌనింగ్ రాసిన ఇంగ్లిషు కవిత చివర ఉన్నది అదే. అక్కడి ‘సాక్సన్లు’ చాలావరకు పన్నెండో శతాబ్దం మధ్యలో, హంగరీ రాజు రెండో గేజా పిలుపు మీద, రైన్, మోజెల్ నదుల ప్రాంతం నుంచి వెళ్లినవాళ్లు. వాళ్ల యాస లక్సెంబర్గ్ వైపు యాసకు దగ్గర, హామెల్న్ యాసకు కాదు. పేరు సాక్సన్ అయినంత మాత్రాన సాక్సనీవాళ్లు కారు.

భాషాశాస్త్రవేత్త యుర్గెన్ ఉడోల్ఫ్ పట్టుకున్నది ఊరి పేర్లను. వలస వెళ్లినవాళ్లు పాత ఊరి పేరును కొత్త ఊరికి పెట్టుకుంటారు. హామెల్ వాగు పుట్టే చోటు దగ్గర హామెల్‌స్ప్రింగె ఉంది. బెర్లిన్‌కు ఉత్తరాన ఉకర్‌మార్క్‌లో హమ్మెల్‌స్ప్రింగ్ ఉంది. వేజర్ ఒడ్డున ఎగువన బెవెరుంగెన్ ఉంది. ఉకర్‌మార్క్‌కు పడమరనున్న ప్రిగ్నిట్స్‌లో బెవెరింగెన్ ఉంది. ఇలాంటివి గుత్తులుగుత్తులుగా చూపించి, దారి ఈశాన్యంగా, ఉకర్‌మార్క్, ప్రిగ్నిట్స్, పోమెరేనియాల వైపు పోయిందని ఆయన వాదన.

ఈ పద్ధతిలో తప్పు దొర్లేది ఎక్కడంటే, ఒక్క పేరు కలిసిందని సంబరపడితే. ‘కొత్తూరు’ లాంటి పేర్లు ఎవరికి వారు పెట్టుకోగలరు. అందుకే మూడు చూడాలి. ఆ పేరుకు అక్కడి స్లావ్ భాషలో సొంత అర్థం ఉండకూడదు. ఒకటి కాక, పాత ప్రాంతంలో పక్కపక్కనే ఉన్న పేర్లు కొత్త ప్రాంతంలోనూ పక్కపక్కనే రావాలి. కొత్త ఊరి ప్రస్తావన వలస కాలానికి ముందటి కాగితాల్లో కనబడకూడదు. ఉడోల్ఫ్ జాబితా బలం రెండో దాంట్లో ఉంది.

హామెల్న్ నుంచి ఉకర్‌మార్క్‌కు నేరుగా కొలిస్తే 330 కిలోమీటర్లు. ఎద్దుబండ్లతో రోజుకు ఇరవై కిలోమీటర్లు నడిచినా, దారి వంకరలతో కలిపి మూడు వారాలు దాటుతుంది. చదువురాని కుర్రాళ్లు. ఉత్తరాలు లేవు. ‘తల్లులు ఊరూరూ పరుగెత్తారు, ఎవరూ దొరకలేదు’ అన్న వాక్యానికి కొండ తెరుచుకోనక్కర్లేదు.

ఈ వాదనలోనూ ఒక లొసుగు ఉంది. ఒప్పందం మీద వెళ్తే ఊరికి ముందే తెలియాలి. వీడ్కోలు చెప్పి పంపాలి. మూడు శతాబ్దాలు ఏడ్వాల్సిన పనేముంది? దారిలో ఏదో జరిగిందని కొందరు, పడవ మునిగిందని కొందరు. తిరిగి ఒక్క కబురూ రాకపోతే, వెళ్లినవాళ్లు బతికే ఉన్నా ఊరికి చచ్చినవాళ్లతో సమానమే అన్నది ఇంకా సరళమైన జవాబు. అందరూ ఒకే రోజున పోవడం కూడా దెబ్బను పెంచుతుంది. ఇద్దరు ముగ్గురుగా పోయిన వలసను ఎవరూ రాయి మీద చెక్కరు.

మనదాకా వచ్చిన రూపం

ఇంగ్లిషులోకి ఈ కథను తెచ్చింది 1605లో వెర్‌స్టెగన్ అనే రచయిత. ఎలుకలు, వెనకబడి మిగిలిపోయిన కుంటి పిల్లవాడు, ట్రాన్సిల్వేనియా అన్నీ అక్కడే ఉన్నాయి. తేదీ మాత్రం 1376 జూలై 22 అయింది. 92 ఏళ్లు ముందుకు జరిగింది. 1842లో ఇంగ్లిషు కవి రాబర్ట్ బ్రౌనింగ్ ఒక నటుడి కొడుకు జబ్బుపడితే వినోదం కోసం ఈ కథను పద్యంగా రాశాడు. ఆ తప్పు తేదీనే తీసుకున్నాడు. వెయ్యి గిల్డర్లని ఒప్పుకుని యాభై ఇస్తామనడం అందులోదే. ఒక ఎలుక ఈది ఒడ్డెక్కి తన జాతికి కబురు చెప్పడం కూడా. జీవశాస్త్రం ప్రకారం బ్రౌనింగ్ తప్పల్లా ఒకే ఎలుకను ఒడ్డెక్కించడం.

జర్మన్‌లో గ్రిమ్ సోదరులు 1816లో తమ ఐతిహ్యాల సంకలనంలో దీన్ని చేర్చారు. బ్రౌనింగ్ కుంటి పిల్లవాడి స్థానంలో వాళ్ల దగ్గర ఇద్దరు తిరిగొస్తారు. ఒకరు గుడ్డి, ఒకరు మూగ. గుడ్డివాడు ఏం జరిగిందో చెప్పగలడు కానీ చోటు చూపించలేడు. మూగవాడు చోటు చూపించగలడు కానీ ఏం జరిగిందో చెప్పలేడు. పై అంగీ మరిచిపోయి వెనక్కి పరుగెత్తిన మరో పిల్లవాడు మిగిలిపోయాడు. ఆధారాల స్థితి కూడా అచ్చం ఆ ఇద్దరు పిల్లల్లాంటిదే. ల్యూనెబుర్గ్ కాగితం ఏం జరిగిందో చెబుతుంది, ఎక్కడికో చెప్పదు. ఊరి పేర్లు ఎక్కడికో చూపిస్తాయి, ఎప్పుడో ఎవరో చెప్పవు.

ఆ రెంటినీ కలపగలిగేది ఇంటిపేర్లు. పదమూడో శతాబ్దంలో ఇంటిపేర్లు అప్పుడప్పుడే కుదురుకుంటున్నాయి. ఫలానా ఊరివాడు అన్నది ఆ ఊళ్లో ఉన్నంతకాలం ఇంటిపేరు కాదు, అక్కడ అందరూ ఆ ఊరివాళ్లే కాబట్టి. బయటికి పోయాకే పక్కవాళ్లు అలా పిలుస్తారు. కాబట్టి తూర్పు ఊళ్ల పాత పన్నుల పట్టీల్లో ‘హామెల్’ అని ఎక్కినవాడు హామెల్న్‌లో పుట్టి ఉంటాడు, లేదా అతని తండ్రి. ఏ ఏడు బయల్దేరాడో, ముందు ఎవరు పిల్లనగ్రోవి ఊదారో పన్ను వసూలుచేసేవాడికి అక్కర్లేదు. ఎన్ని హూఫెలు, ఎంత బాకీ, అంతవరకే రాసుకున్నాడు.